క్వారల్‌కు ఒక ఉదాహరణ

మా నిఘంటువు ఆఫీసులో ఒక నియమం ఉంది. ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం రాశాక కింద ఇచ్చే ఉదాహరణ వాక్యం కల్పించకూడదు, ఎవరి నోటినుంచో విన్నదై ఉండాలి. అందుకని మిగతావాళ్లు బస్సుల్లో, సెలూన్లలో చెవులు రిక్కించుకుని తిరిగేవారు. నాకా బాధ లేదు. మా ఆయన ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. రోజంతా ఇనుముతో కుస్తీ పట్టి, ఇంటికొచ్చి నాతో పట్టేవాడు. నేనూ తక్కువేం తినలేదు.

పోట్లాట అని అర్థమున్న 'క్వారల్' నా బల్ల మీదికి వచ్చిన రోజు అందరూ నవ్వారు.

"నువ్వు ఊరంతా తిరగక్కర్లేదమ్మా, మీ వంటింట్లో వెతుక్కుంటే చాలు," అన్నారు మా సంపాదకుడు.

నేనూ నవ్వాను గానీ లోపల గుబులుగానే ఉంది. మా ఇంట్లో గొడవ జరిగి చాలా రోజులైంది. చొక్కా ఇస్త్రీ కాలేదంటే "పర్లేదు" అంటాడు. ఏ సినిమాకి వెళదామంటే "నీ ఇష్టం". ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆయన జేబులు వెతికాను, మరలు తప్ప ఏమీ లేవు. అక్కకి ఫోన్ చేస్తే, "అలాంటి మొగుడు దొరికితే నోరు మూసుకుని సుఖపడక ఏడుపెందుకే," అంది. నాకు మాత్రం ఒకచోట కాలు నిలవడం లేదు.

పని ఆగదు కదా, మాట మూలం వెతికాను. లాటిన్‌లో దాని పుట్టుకకు కొట్లాటతో సంబంధం లేదు. ఫిర్యాదు చేయడం, మొరపెట్టుకోవడం, అంతే. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలోనూ అదే అర్థం. ఇప్పటికీ ఇంగ్లీషువాళ్లు 'అతనితో నాకు క్వారల్ లేదు' అంటే, అతని మీద నాకు ఫిర్యాదేమీ లేదనే.

అక్కడ నా కలం ఆగిపోయింది. మొరపెట్టుకోవాలంటే అవతల వినేవాళ్లున్నారన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం పోయినవాడు పర్లేదంటాడు. నాకు భయమేసింది. ఎవరికీ చెప్పకుండా ఇంటికి బయల్దేరాను.

ఆయన బాల్కనీలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. ఎలాగైనా కయ్యం పెట్టుకోవాలని, "నీ పాత స్పానర్లన్నీ తీసి పారేశాను," అని అబద్ధమాడాను.

"సరేలే, కొత్తవి కొనుక్కుంటా."

"నీకు నా మీద ఫిర్యాదేం లేదా?"

"ఏం లేదు."

"ఉంటే మొహాన చెప్పు. నువ్విలా చుట్టంలా తిరుగుతుంటే నాకు పిచ్చెక్కిపోతోంది."

బూటు కింద పెట్టాడు.

"ఆమధ్య మీ అక్కావాళ్లింట్లో, నువ్వు లోపలున్నప్పుడు, మీ బావ అచ్చయిన మీ నిఘంటువు మొదటి భాగం తీశాడు. ఇగ్నోర్ దగ్గర వేలు పెట్టి, కింద ఉన్న ఉదాహరణ అందరి ముందూ చదివాడు. 'నేనొకణ్ణి ఈ ఇంట్లో ఉన్నానని ఎవరికైనా గుర్తుందా?' ఇది మనవాడి గొంతే అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను."

ఆ మాట నాకు బాగా గుర్తుంది. అది అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. ఇంత చక్కటి వాక్యం మళ్లీ దొరకదని నేను గబగబా కాగితం అందుకున్నాను. జవాబు మాత్రం చెప్పలేదు.

"పేరు వెయ్యలేదుగా," అన్నాను.

"పేరుదేముంది? నేను అరుస్తుంటే నువ్వు వింటున్నావనుకున్నా. రాసుకుంటున్నావని తెలీదు."

సిగ్గుతో చచ్చిపోయాను. "ఇంకా ఉన్నాయా ఫిర్యాదులు?" అని అడిగాను.

"బోలెడున్నాయి." ఆయన గొంతు పెరిగింది. "నేనింకా మొదలే పెట్టలేదు."

ఆ గొంతు వినగానే నాకు ఏడుపొచ్చింది, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. "చెప్పు," అంటూ ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

ఆయన ముందు నా చేతులకేసి చూశాడు, కాగితమేమైనా ఉందేమోనని. తర్వాత మొదలుపెట్టాడు.