తిన్న తర్వాత పదిహేను నిమిషాలు

మా అత్తయ్య తిన్న కంచాన్ని బల్ల మీదే వదిలేసి, గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కోవడం చూసి మామగారు నమలడం ఆపేశారు.

"ఎక్కడికి?"

"నడకకి."

"ఇప్పుడా? మరి ఇవన్నీ ఎవరు తీస్తారు?"

అత్తయ్య తల ఎత్తలేదు. బూటు తాడు ముడి వేసుకుంది, విప్పింది, మళ్లీ వేసుకుంది. వేళ్లకి అలవాటు లేని పని. "పావుగంటలో వచ్చేస్తాను" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ అందరికంటే ముందు బల్ల దగ్గర్నుంచి లేవడం అదే మొదలు. అసలు మాతోపాటు కూర్చోవడమే కొత్త. నేను ఈ ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్లలో ఆవిడ ఎప్పుడు తింటుందో నాకు సరిగ్గా తెలియదు. అందరివీ అయ్యాక, వంటగట్టుకి ఆనుకుని నిలబడి, గిన్నెల అడుగున ఉన్నది ఊడ్చుకుని తినేది. మా పాప వదిలేసింది, మా ఆయన చాలన్నది, నిన్నటిది, మొన్నటిది. "పారేయడం ఎందుకమ్మా" అనేది. మిగిలింది తినడం కూడా ఆవిడ చేసే పనుల్లో ఒకటి. దానికి ఆకలితో సంబంధం లేదు.

ఆవిడకి షుగర్ ఉందని అంతకు మూడు వారాల ముందే తెలిసింది. ఏడాదిలో రెండుసార్లు కళ్లజోడు మార్చాల్సి వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి కూర్చున్నచోటే కునికేది. "వయసు మీద పడుతోంది, అంతే" అన్నారు మామగారు. మా ఆయనేమో "అమ్మ నీళ్లు మరీ ఎక్కువ తాగుతోంది, అందుకే రాత్రుళ్లు లేస్తోంది" అని తేల్చేశాడు. చివరికి రక్తం తీయిస్తే మూడు నెలల చక్కెర సగటు తొమ్మిదిన్నర, ఆరున్నర దాటితేనే జబ్బట. ఆ అంకె విన్నప్పుడు అత్తయ్య ముఖంలో రంగు పోయింది. వాళ్ల అక్కయ్యకి ఇదే జబ్బుతో చూపు ముప్పాతిక పోయింది. ఇప్పుడావిడ గోడలు తడుముకుంటూ తిరుగుతోంది.

డాక్టరు మాత్రలు రాసి, ఆస్పత్రిలోనే వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపించాడు. తోడు వెళ్లడానికి మా ఆయనకి సెలవు దొరకలేదు. నాకు మాత్రం ఎప్పుడూ దొరుకుతుంది. నేను బీమా ఆఫీసులో క్లెయిముల కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని చేస్తాను. పూట సెలవు అడిగితే మా సెక్షన్ పెద్ద కళ్లజోడు మీదుగా చూశాడు. "మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరికి ఒంట్లో బాగుండదేంటమ్మా?" పక్క టేబులాయన నవ్వాడు. తన తల్లికి బాగాలేనప్పుడు ఆయన ఒక్క రోజూ సెలవు పెట్టలేదు. ఆయన భార్య పెట్టింది, వేరే ఆఫీసులో.

వ్యాయామాల అమ్మాయికి పాతికేళ్లుంటాయి. అత్తయ్య ఆమెని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఇంటిపనంతా నేనే చేస్తానమ్మా. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా కాళ్ల మీదే ఉంటాను. అది వ్యాయామం కాదూ?" అంది.

ఆ అమ్మాయి నవ్వలేదు. అదే నాకు నచ్చింది. "కష్టమే అమ్మా. ఎవరు కాదంటారు? కానీ రోజంతా నాలుగడుగుల వంటింట్లో నిలబడుతున్నారు, వంగుతున్నారు. నడుము అరిగిపోతోంది గానీ గుండె వేగం పెరగట్లేదు, తొడలకి బలం రావట్లేదు. ఒంట్లో పెద్ద కండరాలు కాళ్లవే. తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరని అవి లాక్కోవాలి. మీ ఒంట్లో ఇన్సులిన్ చెప్పే మాటని అవి సరిగ్గా వినట్లేదు. కానీ వాటిని కదిలించారనుకోండి, ఆ మాటతో పని లేకుండానే చక్కెరని లాక్కుంటాయి."

"చెబితే వినవు, నడిపిస్తే వింటాయి. మా ఇంట్లో అందరూ అంతే" అంది అత్తయ్య. ఆ అమ్మాయి అప్పుడు నవ్వింది.

"ఎప్పుడు నడవాలి? తెల్లారేనా?"

"ఎప్పుడు నడిచినా మంచిదే. కానీ మీకు తిన్నాకే అంకె ఎగిరి పడుతోంది. అందుకని తిన్న కాసేపటికే లేచి పదిహేను నిమిషాలు నడవండి. రెండు పూటలా. వారంలో మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి, పదేసి సార్లు."

అత్తయ్య నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. మా ఇంట్లో భోజనాలైన తర్వాతి పదిహేను నిమిషాలు ఎవరి సొత్తో మా ఇద్దరికీ తెలుసు. బల్ల తుడవాలి, మిగిలినవి సర్దాలి, గిన్నెలు తోమాలి, రేపటికి చూసుకోవాలి. డాక్టరు మాత్ర రాసినంత తేలిగ్గా ఆ అమ్మాయి మా ఇంటి రాజ్యాంగాన్నే మార్చమంది.

మార్చింది అత్తయ్య. మొదటి రోజు చెప్పానుగా, కంచం వదిలేసి వెళ్లిందని. ఆ కంచాన్ని తీసింది మాత్రం నేనే.

అబద్ధం ఎందుకు, మొదటి వారం నాకు ఒళ్లు మండింది. ఆవిడ బయట గాలి పీల్చుకుంటుంటే నేను సింకు దగ్గర నిలబడి ఇద్దరి పని చేశాను. రోజంతా కుర్చీలో, సాయంత్రమంతా కుళాయి దగ్గర. మా ఆయనతో అంటే, "పావుగంటే కదా, సర్దుకో. అమ్మ ఆరోగ్యం కంటే ఎక్కువా?" అన్నాడు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. ఎంత మంచి కొడుకో. తల్లి ఆరోగ్యం కోసం పెళ్లాం చేత ఎంతైనా చేయించగలడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నేను గిన్నెల్ని ఎత్తి కుదేసేదాన్ని. ఆవిడకి వినబడాలనే.

వినబడింది. ఎనిమిదో రోజు అత్తయ్య నడక నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. చెమట పట్టిన ముఖంతో నన్నూ, నా ముందున్న గుట్టనీ చూసింది. మర్నాడు భోజనాల దగ్గర, అందరూ ఉండగా అంది.

"రేపట్నుంచి ఎవరి కంచం వాళ్లు కడుక్కోవాలి. పెద్ద గిన్నెలు ఒకరోజు తండ్రి, ఒకరోజు కొడుకు."

మామగారు ఇదేదో హాస్యమనుకున్నారు. "ఈ వయసులో నేను గిన్నెలు తోమాలా?"

"మీకూ నాకూ రెండేళ్లే తేడా. నిన్నటిదాకా నా వయసు ఎవరికీ అడ్డు రాలేదు."

"నేను చేస్తాలే అత్తయ్యా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో నాకే తెలియదు. అలవాటు.

"నువ్వు చెయ్యవు" అంది. "నా చక్కెర తగ్గడానికి నీ నడుము విరగక్కర్లేదు." తర్వాత కొడుకు వైపు తిరిగి, "తను నాతో వస్తుంది. దారిలో నాకు కళ్లు తిరిగితే పట్టుకునేవాళ్లుండాలా, అక్కర్లేదా?" అంది. ఆ ప్రశ్నకి అక్కర్లేదని ఏ కొడుకూ అనలేడు. మా ఆయన తల ఊపాడు. బల్ల కింద అత్తయ్య కాలు నా కాలిని తట్టింది.

అలా నేనూ రోడ్డెక్కాను. మా వీధి చివర ఇస్త్రీ కొట్టు, తర్వాత బడి గోడ, గోడ దాటాక చిన్న ఎత్తు, దాని మీద టైలరు దుకాణం. మొదట్లో ఆవిడ బడి గేటు దగ్గర ఆగి ఆయాసపడేది. నెల తిరిగేసరికి గోడ చివరిదాకా ఆగలేదు. రెండో నెలలో ఆ ఎత్తుని మాట్లాడుతూ ఎక్కేసింది, నేనే వెనకబడ్డాను. ఆవిడకి సగం వయసుదాన్ని, పిక్కలు పట్టేసి రొప్పుతున్నాను. "ఎక్స్‌ప్రెస్ వెళ్లిపోయింది, ఇక కొట్టు కట్టేయొచ్చు" అనేవాడు టైలరు. వీధంతా ఆవిడకి ఎక్స్‌ప్రెస్ అనే పేరు ఖాయమైంది. మామగారికి అది నామోషీగా ఉండేది. ఆవిడకి మాత్రం మహా గర్వం.

మామగారు వార్తలు చూస్తుంటే ఆవిడ ఆయన పక్కనే కుర్చీలోంచి లేచి కూర్చునేది. ఒకటి, రెండు, మూడు. "గుంజీళ్లేంటే, ఎవరేమన్నారు నిన్ను?" అనేవారాయన. ఆవిడ లెక్క తప్పేది కాదు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా అంది: "ఈ కాళ్లు వంటింటివనుకున్నానే ఇన్నాళ్లూ. నావేనట."

నాలుగో నెలలో గండం వచ్చింది. ఆదివారం మామగారి అక్కయ్య కుటుంబమంతా భోజనానికి వచ్చారు. అత్తయ్య భోజనానికి ముందు వేసుకునే మాత్ర వేసుకుంది, కూర్చోబోయింది. "అదేంటి, వడ్డించేవాళ్లు లేరా?" అన్నారు పెద్దావిడ. అత్తయ్య లేచింది. నేనూ లేచాను. ఒకరికి కూర, ఒకరికి నీళ్లు, ఒకరికి ఇంకాస్త. వాళ్లు చేతులు కడుక్కునేసరికి గిన్నెలు ఖాళీ. అత్తయ్య నిలబడే రెండు ముద్దలు తిని, అలవాటు ప్రకారం బూట్లేసుకుంది. నేనూ ఆలోచించలేదు.

ఎత్తు సగంలో ఆవిడ గోడ పట్టుకుంది. మెడంతా చెమట. చెయ్యి వణుకుతోంది. "అమ్మాయ్, కళ్ల ముందు ఏదోలా ఉంది" అంది, మాట ముద్దగా. ఎప్పుడూ జేబులో ఉంచుకోమని వ్యాయామాల అమ్మాయి చెప్పిన పంచదార బిళ్లలు తీసి నోట్లో పెట్టాను. టైలరు స్టూలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ పది నిమిషాలు ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. ఈవిడ లేకపోతే ఆ ఇంట్లో నేను మళ్లీ ఒంటరిదాన్నని అప్పుడు తెలిసింది. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా అలా అనుకోలేదు.

ఇంటికి తీసుకొచ్చేసరికి అందరూ ఉన్నారు. మామగారు గొంతెత్తారు. "చూశారా! మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. రేపట్నుంచి నడకా లేదు, గిడకా లేదు."

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అన్నారు ఆయన అక్కయ్య, పళ్లు కుట్టుకుంటూ.

"నాన్న చెప్పింది నిజమే అమ్మా. ఇంట్లోనే అటూ ఇటూ తిరుగు" అన్నాడు మా ఆయన.

అత్తయ్య మంచినీళ్లు పూర్తిగా తాగింది. గ్లాసు కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "కళ్లు తిరిగింది నడిచినందుకు కాదు, తిననందుకు. మాత్ర వేసుకుని ఎనిమిదిమందికి వడ్డించాను. నా దాకా వచ్చేసరికి ఏమీ లేదు. ఒకటి ఆపమంటున్నారు కాబట్టి ఆపుతాను. వడ్డించడం ఆపుతాను."

పెద్దావిడ పంటిపుల్ల ఆగిపోయింది.

మర్నాటి నుంచి గిన్నెలన్నీ బల్ల మధ్యలోకి వచ్చాయి. కావలసినవాళ్లు చేయి చాపి తీసుకోవాలి. చేయి చాపడం మామగారికి వారంలో వచ్చేసింది. డాక్టరు ఆ మాత్ర మోతాదు తగ్గించాడు, తినకుండా ఎప్పుడూ వేసుకోవద్దని గట్టిగా చెప్పాడు. ఏడో నెల పరీక్షలో అత్తయ్య సగటు ఆరూ ముప్పాతిక. మామగారు ఇంటికొచ్చినవాళ్లందరికీ "నేనే దగ్గరుండి నడిపించాను" అని చెప్పుకున్నారు. అత్తయ్య నన్ను చూసి కనుబొమ్మ ఎగరేసింది. పోనీలే, అన్నట్టు.

ఆ కాగితం చూపించడానికి వెళ్లినప్పుడు వ్యాయామాల అమ్మాయి కుర్చీలోంచి లేచి ఆవిడ చేతులు పట్టుకుంది. తర్వాత మామూలుగానే అడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. లేదనబోయాను.

"దీనికుంది" అంది అత్తయ్య. "కడుపుతో ఉన్నప్పుడు వచ్చింది. పురుడయ్యాక పోయిందన్నారు. మళ్లీ ఒకసారి చూపించుకోమని డాక్టరమ్మ చెబితే నేనే అన్నాను, కడుపుతో ఉన్నవాళ్లకి ఇవన్నీ మామూలే, దానికింత హడావుడా అని. ఆరేళ్లయింది. తప్పు నాది. దీని పేరు కూడా రాయమ్మా."

నేను ఆ మాట ఎప్పుడో మింగేసి మర్చిపోయాననుకున్నాను. ఆవిడకి గుర్తుంది. ఒక పెద్ద మనిషి పరాయి మనిషి ముందు, నా ముందు, తప్పు నాది అనడం నేను అంతవరకు వినలేదు. మా అమ్మ నోటా వినలేదు, మా ఆయన నోటా వినలేదు. నా కళ్లలో నీళ్లు చూసి, "రక్తం తీయకముందే ఏడుస్తోందేంటి ఇది?" అంది.

మర్నాడు పరగడుపున వెళ్లి రక్తం ఇచ్చాను. నూటపధ్నాలుగు. "ఇది షుగర్ కాదు" అంది ఆ అమ్మాయి, "కానీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఇక్కడ్నుంచే వెనక్కి పంపించేయొచ్చు, మీ అత్తయ్యగారిలా పట్టుదలగా చేస్తే." ఆ రోజే ఆఫీసులో భోజనమయ్యాక సెక్షన్ పెద్ద ముందు నుంచే లేచి మెట్లెక్కాను. నాలుగంతస్తులు. "ఎక్కడికమ్మా?" అన్నాడు. "పైకి" అన్నాను.

పోయిన వారం అత్తయ్య వాళ్ల అక్కయ్య ఊరికి బయల్దేరింది. "కళ్లు పోయాయి గానీ కాళ్లున్నాయిగా దానికి. చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. నెల పడుతుందో, రెండు నెలలు పడుతుందో" అంది. తిరుగు టిక్కెట్టు తీయమని మా ఆయన్ని అడగలేదు. మామగారు బస్సు కదిలేదాకా నిలబడి, ఆవిడ సంచిలో బిళ్లలున్నాయా అని రెండుసార్లు అడిగారు.

ఆ సాయంత్రం తిన్నాక లేచాను. వెలుతురు ఇంకా ఉంది. మా ఆయన వంతు, గిన్నెల దగ్గర నిలబడి ఉన్నాడు. నేను తలుపు తీయడం చూసి కుళాయి కట్టేశాడు.

"అమ్మ లేదుగా. ఇంక ఎవరికి తోడు వెళుతున్నావ్?" నిజంగానే అర్థం కాక అడిగాడు.

"నాకు" అని చెప్పి మెట్లు దిగాను.