డయాలసిస్ చెయ్యి

మందస దాటాక హైవే మీద కొబ్బరికాయల లారీ ఒకటి ఆటోని గుద్ది కల్వర్టు గోడకి అదిమేసింది. ఆటో డ్రైవరు దూకేశాడు. గౌరమ్మ ఎగిరి గట్టు మీద పడింది, మోచేతులు గీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బ లేదు. ఆమె మొగుడు ఢిల్లీరావు మాత్రం వెనకసీట్లోనే ఇరుక్కుపోయాడు. కాళ్ళు ముందుసీటు కింద, ఎడమచెయ్యి వంగిపోయిన ఇనపగొట్టం కింద.

మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనంటారు. పరుగెత్తుకొచ్చిన జనంలో తలో మాట. ఒకాయన ట్రాక్టరుకి తాడు కట్టమన్నాడు. ఇంకొకాయన అంతసేపెందుకని, బయటికి కనిపిస్తున్న ఎడమ మణికట్టు పట్టి గుంజబోయాడు.

గౌరమ్మ అడ్డం పడింది. "ఆ సెయ్యి లాగీకండి బావూ! డయాలసిస్ సెయ్యి!"

అతను నిప్పు ముట్టుకున్నట్టు వదిలేశాడు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ మాటకి అర్థం అడిగేవాడు లేడు. ఆపరేషన్ చేసి నరాలు కలిపిన చెయ్యి అది. వారానికి మూడుసార్లు పలాసలో సూదులు గుచ్చేది దానికే. కుడిచేతిది ఏడాది కిందటే మూసుకుపోయింది. ఇదీ పోతే గుచ్చడానికి చోటు లేదని డాక్టరు ముందే చెప్పేశాడు.

ఫైరింజను ఇరవై నిమిషాల్లో వచ్చిందని తర్వాత ఎవరో అన్నారు. గౌరమ్మనడిగితే ఒక పూట పట్టిందనే చెప్పేది. జానకిరామ్ అనే ఫైర్‌మన్ దిగి, పంపు స్టార్ట్ చేసి, దాని గొట్టానికి పీత డెక్కలాంటి పనిముట్టు తగిలించాడు. పంపు తోసే నూనె ఒత్తిడికి అది ఎంత ఇనుమునైనా విడదీస్తుంది. ఇనుము కోసే కత్తెర ఇంకొకటి ఉంది.

"దీంతో తోసేత్తే రెండు నిమిసాల పని. కానీ గొట్టం తిరిగి సెయ్యి మీద పడొచ్చు. రెండు పక్కలా కోత్తే పావుగంట. కాలి నుంచి నెత్తురు పోతంది. ఏటి సెయ్యమంతావమ్మా?"

ఎవరినీ అడిగి పనిచేసే మనిషి కాదు గౌరమ్మ. ఇప్పుడు మాత్రం ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. ఇందాక తలో మాట అన్న జనం తలో అడుగు వెనక్కి వేశారు.

"కొయ్యండి," అంది చివరికి. "నెత్తురు నేనాపుతాను."

ఫైరువాళ్ళిచ్చిన టోపీ పెట్టుకుని లోపలికి దూరి, కొంగు చుట్టచుట్టి కాలికి అదిమిపట్టింది. మొదటి కోతకి గొట్టం టప్పుమని అదిరింది. ఢిల్లీరావు కెవ్వున అరిచాడు. తప్పు చెప్పానేమో అనుకుందామె. అయినా పట్టు సడలనివ్వలేదు.

రెండో కోతకి గొట్టం పైకి లేచింది. ఆయన్ని పలక మీద బయటికి తీశారు. గౌరమ్మ మొగుడి ఎడమ మోచేతి దగ్గర వేళ్ళు ఆనించింది. నరం బతికుంటే అక్కడ జుయ్‌మని అదురుతుండాలి. అదురుతోందా? పంపు మోతకి నేలే అదురుతోంది.

"ఆ ఇంజన్ ఆపీయండి బావూ!"

జానకిరామ్ ఆపేశాడు. ఆమె మొగుడి చేతికి చెవి ఆనించింది.

"ఉంది మావా... కొట్టుకుంతంది."

"కాలో?" అన్నాడతను నీరసంగా.

"కాలు ఇరిగిపోనాది. కాలేటి, అతుక్కుంతాదిలే," అని అప్పుడు భోరుమంది.