మూడో కుప్ప

నిఘంటువు ఆఫీసులో అందరూ ఆమెను ‘కొత్త పెళ్లికూతురు’ అనే పిలుస్తారు. ఈ నెల ఆమె వంతుకు వచ్చిన మాట ‘జస్ట్’. మనవాళ్లు ఆ ఇంగ్లిషు మాటను ఎప్పుడెప్పుడు, ఎందుకు వాడుతున్నారో చెవిన పడ్డప్పుడల్లా చీటీ మీద రాయాలి. అన్న వాక్యం, అన్న మనిషి, ఏ రోజు అన్నదీ. ఆ తర్వాత చీటీలను అర్థాలవారీగా కుప్పలు పెట్టాలి.

ఇంట్లోనే బోలెడు సరుకు దొరికింది. పెళ్లయి మూడు వారాలైన మొగుడు నోరు విప్పితే జస్ట్. “జస్ట్ ఇప్పుడే లేచా.” “జస్ట్ ఒక్క ముద్ద.” అతను అన్నప్పుడల్లా మురిసిపోతూ రాసుకుంది.

శనివారం మధ్యాహ్నం మంచం మీద చీటీలు పరిచింది. ‘ఇప్పుడే’ అనడానికి పద్నాలుగు. ‘కొంచెం’ అనడానికి ఇరవై. మూడో కుప్ప దగ్గర చెయ్యి ఆగింది. “జస్ట్ అలా బయటికి.” “జస్ట్ తెలిసినవాళ్ల ఫోను.” “జస్ట్ గీసుకుపోయింది, అంతే.” ఇంకేమీ అడక్కుండా ఎదుటివాళ్ల నోరు మూయించే జస్ట్. పదకొండు చీటీలు. పదకొండూ మంగళ, గురువారాలవే!

మోచేతి మీద ఆ గీసుకుపోయినచోట ప్లాస్టరు అంత పొందిగ్గా అంటించింది ఎవరు? ఆయనగారికి చొక్కా గుండీలే సరిగ్గా పెట్టుకోవడం రాదు.

సోమవారం సంపాదకుడు చీటీలు తిరగేసి కళ్లజోడు పైకి తోశాడు.

“ఈ మూడో కుప్పంతా ఒక్కడిదేనా అమ్మాయ్? వీడెవడో ఏదో దాస్తున్నాడు.”

“మా ఆయనండీ.”

పెద్దాయన దగ్గి, టీకి వెళ్లిపోయాడు.

మంగళవారం సాయంత్రం మొగుడు పాత ప్యాంటేసుకుని, “జస్ట్ అలా...” అంటూ చెప్పులు తొడుక్కున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆగి, చేతిసంచీ తగిలించుకుని ఆమె వెంటపడింది. మందుల షాపు, దర్జీ కొట్టు, మూతపడ్డ గోడౌను. దాని వెనక ఖాళీ స్థలంలోంచి ఆడమనిషి నవ్వు! గోడ పక్కనుంచి తొంగిచూసింది.

స్కూటరు మీద భుజాలు బిగబట్టి మొగుడు. వెనక సీటు పట్టుకుని పరిగెడుతూ వదిన, మొగుడి అక్క.

“కిందికి కాదురా దద్దమ్మా, ముందుకు చూడు!”

“వదలకే అక్కా!”

పెళ్లికి ముందు, కళ్లు మూసుకుని స్కూటరు నడుపుతానని కోతలు కోసింది ఈ మనిషే!

ఆమె కనబడేసరికి స్కూటరు ఇసుకకుప్పలోకి దూరి ఆగింది.

“నువ్వేంటి ఇక్కడ?”

ఆమె సంచీలోంచి పదకొండు చీటీలూ తీసి ఇచ్చింది. చదువుతుంటే అతని మొహం మాడిపోయింది.

“నేనన్న ప్రతి మాటా రాస్తున్నావా? రోజుతో సహా?”

“ఆ ఒక్క మాటేనండీ. ఆఫీసు పని.”

“నమ్మమంటావా?”

“స్కూటరు వచ్చంటే నేను నమ్మలేదూ?”

వదిన పగలబడి నవ్వింది. అతను నవ్వలేదు. చీటీలు జాగ్రత్తగా సర్ది ఆమె చేతిలో పెట్టాడు.

“సిగ్గేసింది. నువ్వేమో నా వెనక స్కూటరెక్కి తిరగాలని అంత ఆశగా ఉన్నావ్.”

ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

“మీరు వదలండి వదినా, నేను పట్టుకుంటా. ఏమండీ, ఇటునుంచి ఇటే పారిపోరు కదా?”

“పారిపోవాలంటే ముందు ఇది నడపడం రావాలిగా!”