రేకు పూలు

"ఏటే నూకా, పులుసులో ఈ కిరసనాయిలు కంపేటి?" అని అత్త అసిరమ్మ కంచం ముందుకి తోసేసింది.

కంపు పులుసులో లేదు, నూకరత్నం చేతుల్లో ఉంది. ఎంత సబ్బు రుద్దినా పోదు. పొద్దున్నే లేచి వంట చేసి, కూతురు భానుకి డబ్బా కట్టి, అత్తకి మందులిచ్చి, మిన్నీ బేలోని ఇంటి నుంచి కొండ మీది పాత బంగళాకి పోతుంది. సాయంత్రందాకా సీలింగు కింద పరంజా మీద వెల్లకిలా పడుకుని, కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ పాత పెయింటు గీకి, మళ్ళీ వచ్చి పొయ్యి దగ్గర నిలబడుతుంది. "ఇంకో కూర చెయ్యనా అత్తా?" అంది. మొగుడు గణేశ్వరరావు తలెత్తకుండానే, "చేతులు కడుక్కోడం కూడా నేనే నేర్పాలా నీకు?" అన్నాడు.

ఆ బంగళా దొరలు ఈ దీవుల్ని ఏలిన కాలంనాటిది. పెద్ద హాలు, పైనంతా రేకు సీలింగు. మామూలు రేకు కాదు, పూలూ తీగలూ ఉబ్బెత్తుగా తేలేలా అచ్చు వేసిన రేకు. సముద్రపు గాలికి సగం తుప్పు పట్టింది. మిగతా సగం మీద ఎవరెవరో కొట్టిన రంగులు అట్టకట్టి పూలన్నిటినీ మింగేశాయి. దాన్ని బాగుచేసి లైబ్రరీ పెడతారట. ఆ పని రేకుల మేస్త్రీ అని గణేశ్వరరావుకి ఇచ్చారు.

అయితే గణేశ్వరరావు నిచ్చెన ఎక్కలేడు. ఆమధ్య చౌల్దారీ ఊళ్ళో షెడ్డు కప్పుతూ జారిపడ్డాడు. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. బంగళాలో మొదటిరోజు రెండు మెట్లెక్కేసరికే ఒళ్ళంతా చెమటలు పట్టి, చంటిపిల్లాడిలా నిచ్చెన కరుచుకుపోయాడు. సాయానికి వచ్చిన నూకరత్నం నిచ్చెన గట్టిగా పట్టుకుంది. "మీరు దిగండి. నేనెక్కుతాను. ఎవరికీ చెప్పన్లే," అంది. ప్రేమతోనే అంది ఆ మాట.

ఏ మందు రాస్తే రంగు ఊడుతుందో, తుప్పుని ఎంతవరకు గీకితే రేకు చిల్లు పడకుండా ఉంటుందో ఆయన కింద నుంచి చెప్పాడు. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాడు, ఆమెకి అక్కర్లేకపోయింది. బొత్తిగా పాడైన చోట కొత్త రేకుని పడౌక్ అనే గట్టి చెక్కతో చేసిన అచ్చు మీద పెట్టి, కొయ్యసుత్తితో మెల్లమెల్లగా కొట్టి పువ్వు లేపేది. పువ్వుకీ రేకులే, కప్పుకీ రేకులే అని తనలో తనే నవ్వుకునేది. ఒకరోజు పైన మాటలు వినబడి ఉలిక్కిపడి చూస్తే ఆ గొంతు తనదే. "తిన్నావా? నడుం నొప్పి తగ్గిందా?" అని రంగు ఊడిన పువ్వుని అడుగుతోంది. ఆ రెండు ప్రశ్నలూ తనని ఎవరైనా ఎప్పుడు అడిగారో గుర్తు చేసుకోబోయింది. ఎంతకీ గుర్తు రాలేదు. కళ్ళలో తుప్పు పొడి పడిందనుకుని కొంగుతో తుడుచుకుంది.

ఇంజనీరు రాజ్‌కిరణ్ జీపు చప్పుడు వినబడితే చాలు, "దిగు, దిగు! సార్ వస్తన్నారు. చాయ్ పట్రా," అనేవాడు గణేశ్వరరావు. ఆమె చాయ్ తెచ్చేసరికి ఇంజనీరు మెడ పైకెత్తి, "క్యా హాత్ హై ఆప్‌కా, భయ్యా!" అంటూ గణేశ్వరరావు పనితనాన్ని మెచ్చుకుంటూ ఉండేవాడు. మొదటిసారి గణేశ్వరరావు ఆమె వైపు దొంగచూపు చూశాడు. తర్వాత్తర్వాత ఆ చూపూ లేదు. తనే చేశానని చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేశాడేమో అనుకుంది.

లైబ్రరీ తెరిచిన రోజున గణేశ్వరరావుకి శాలువా కప్పారు. నూకరత్నం వెనక వరసలో ఆడవాళ్ళతో నిలబడింది. అందరూ వేదిక వైపు చూస్తున్నారు. పైకి చూస్తున్నది ఆమె ఒక్కతే. ఏ పువ్వు దగ్గర వేలు తెగిందో, ఏ తీగ దగ్గర జ్వరంతో పడుకుందో ఆమెకి తెలుసు. పక్కావిడకి చూపించబోయింది గానీ, ఏమని చెప్పాలి?

వస్తూ వస్తూ బస్సులో భాను స్నేహితురాలితో ఫోన్లో గలగలా మాట్లాడుతోంది. "పాపా అస్లీ ఆర్టిస్ట్ హై యార్. మమ్మీ? మమ్మీ బస్ హెల్ప్ కర్తీ హై." నాన్న అసలైన కళాకారుడట, అమ్మ ఊరికే సాయం చేస్తుందట.

అత్త మాటలు ఆమెని ఏనాడూ ఇంత లోతుగా కోయలేదు. కూతురు అబద్ధం చెప్పలేదు. ఇంట్లో విన్నదే చెప్పింది. ఆ వినిపించినవాళ్ళలో, నోరు మెదపకుండా కూచున్న తనూ ఉంది. కిటికీలోంచి సముద్రం కనబడినంతసేపూ నూకరత్నం అదే ఆలోచించింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉండగా గణేశ్వరరావు ఫోన్ మోగింది. రాజ్‌కిరణ్. ఆయన చేతికి పులుసుందని ఆమె ఎత్తి స్పీకరులో పెట్టింది.

"భయ్యా, మాయాబందర్‌లో ఒక పాత గెస్ట్‌హౌస్ ఉంది. సేమ్ సీలింగ్. వానలకి ఊడిపోతోంది. షిప్పులో వెళ్ళి నెల్లాళ్ళు అక్కడే ఉండాలి. చేస్తారా?"

చేస్తానని చెప్పమని గణేశ్వరరావు సైగ చేశాడు.

ఆమె ఆయన మొహం చూసింది, భాను మొహం చూసింది.

"సార్, ఆయన నిచ్చెనెక్కరు. పడిన కాణ్ణుంచీ ఎక్కలేరు. మీ సీలింగు చేసింది నేను."

కంచంలో గణేశ్వరరావు చెయ్యి ఆగిపోయింది. భాను అమ్మని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. ఇక ఈ ఇంట్లో చాలా రోజులు తనతో ఎవరూ మాట్లాడరని నూకరత్నానికి తెలుసు. ఇన్నాళ్ళూ మాట్లాడిందెవరు గనక?

"నేనొక్కదాన్నే వస్తాను సార్," అంది. "షిప్పు ఎప్పుడు?"