డజను లంగాల ధర

ఆ ఏడు నాట్లు మొదలయ్యేసరికి సత్యవ్వకు మోకాలు పట్టేసింది. నడవగలదు గానీ కూలికి పోయి పొలంలో వంగలేదు. చందుర్తిలో వాళ్లకు గుంటెడు భూమి లేదు. భర్త ప్రభుదాస్ తాపీపని చేసి తెచ్చేది ఇంటికి చాలదు. బతుకమ్మ పండుగ దగ్గరపడుతోంది కదా, చీరల కిందికి లంగాలు తెచ్చి చుట్టుపక్కల ఊళ్లలో తిరిగి అమ్మితే ఎట్లుంటుందని ఆమెకు తోచింది.

మొదట కోరుట్ల పోయింది. ‘హోల్‌సేల్’ అని బోర్డున్న దుకాణం చూసి ధైర్యంగా ఎక్కింది. డజను తీసుకుంటే ఒక్కోటి నలభై ఐదన్నాడు సేటు. తెచ్చి యాభై ఐదుకు అమ్మసాగింది. మూడో రోజు పక్కూళ్లో గంగమ్మ అనే ఆవిడ మూటలోంచి ఒక లంగా తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

“గిది నేను మొన్ననే కోరుట్లల తెచ్చుకున్న. నలభై ఎనిమిది. నువ్వేంది గింత చెప్తున్నవ్?”

“ఎన్ని తెచ్చుకున్నవక్కా?”

“ఎన్నేంది? ఒక్కటే.”

దుకాణం పేరడిగితే అదే దుకాణం. సత్యవ్వ వేళ్ల మీద లెక్కేసింది. డజను కొన్న తనకూ, ఒక్కటి కొన్న ఆమెకూ తేడా మూడు రూపాయలేనా? మరి హోల్‌సేల్ అంటే ఏమిటి?

ఈసారి జగిత్యాల పోయింది. అక్కడి గుమాస్తా నలభైకే ఇచ్చాడు. రెండు డజన్లు తెచ్చి, నలభై ఎనిమిదికే ఇస్తుంటే రెండు రోజుల్లో చాలామటుకు అయిపోయాయి. వారం తిరగకుండానే తిరిగి రావడం మొదలుపెట్టాయి.

“నడుస్తుంటె కాలు ముంగటికి పడతలేదే సత్యవ్వా,” అంది ఒకామె. ఇంకొకామె లంగా తెచ్చి ఒళ్లో పడేసి పోయింది.

సత్యవ్వ కోరుట్ల లంగా మీద జగిత్యాల లంగా పరిచి చూసింది. జానెడు వెడల్పు తక్కువ. కోరుట్ల సేటు ఎక్కువ తీసుకున్నాడా, జగిత్యాల గుమాస్తా తక్కువ బట్ట ఇచ్చాడా అన్నది ఆమెకు ఎంతకూ తేలలేదు.

“బట్ట పుట్టేదే సిరిసిల్లల గదా. గాడికే పోరాదు?” అన్నాడు ప్రభుదాస్.

అప్పటికే సకల జనుల సమ్మె మొదలై బస్సులన్నీ ఆగిపోయాయి. ఆటోలు మారుతూ బయలుదేరింది. సిరిసిల్ల ఇంకా కిలోమీటరుందనగా రోడ్డు మీద రాళ్లు పెట్టి ఉన్నాయి. తెలంగాణ కోసం వంటావార్పు. నడిరోడ్డున పొయ్యిల మీద డేగిసాలు, పక్కన బంతులు తీరి కూర్చున్న జనం. ఆటో కదలదని తెలిశాక సత్యవ్వ కూడా కూర్చుంది. ఎవరో విస్తరిలో కిచిడీ వడ్డించారు.

ఒకపక్కన బాలయ్య అని మరమగ్గాల యజమాని, ఇంకోపక్కన ఇంద్రమ్మ అని లంగాలు కుట్టే ఆవిడ. ఏ పని మీద వచ్చినవని అడిగితే సత్యవ్వ తన తిప్పలన్నీ చెప్పింది.

“మా మగ్గం మీద మీటరు తొమ్మిది రూపాలకు పోతది,” అన్నాడు బాలయ్య.

లంగాకు రెండు మీటర్లు. పద్దెనిమిది రూపాయలు! సత్యవ్వ ఆయన వైపు తిరిగింది. “అంటే అందరు నన్ను ముంచుతున్నరా బాపూ? నాకు నువ్వే ఇయ్యరాదు?”

“నేనెట్లిత్త? నాది రంగెయ్యని బట్ట. వేల మీటర్లు ఒక్కసారె లేపుకపోతరు.”

“రంగెయ్యాలె, కత్తిరించాలె, నాడ ఎక్కియ్యాలె, కుట్టాలె,” అంది ఇంద్రమ్మ. “గన్ని చేతులు మారినంక పద్దెనిమిదికి ఎట్లస్తదక్కా?”

“మరి అసలు రేటేందే చెల్లె?”

“గది నాకూ తెల్వది. కుట్టుకూలి ఒక్కటే తెలుసు నాకు.”

సత్యవ్వ ముద్ద మళ్లీ విస్తరిలో పెట్టేసింది. బట్ట నేసేవాడికి తెలియదు, కుట్టేదానికి తెలియదు. ఇంకెవరిని అడగాలి?

ఆమె ముఖం చూసి ఇంద్రమ్మ దగ్గరికి జరిగింది. “రేటు ఇడిసిపెట్టక్కా. డజను తీస్కునేటప్పుడు ఒక్క మాటడుగు. ఒకటి ఉతికి చూస్త, రంగు పోయినా, గుంజుకపోయినా తక్కిన పదకొండు వాపసు తీస్కుంటవా అని. సరేనని చీటి మీద రాసిచ్చేటోని దగ్గర్నే కొను. వెడల్పు మాత్రం నీ చేత్తోని నువ్వే కొల్చుకో.”

రాళ్లు తీశాక ఇద్దరూ కలిసి ఊళ్లోకి నడిచారు. మొదటి దుకాణంలో ఆ మాట అడగగానే యజమాని నవ్వి వేరే బేరం చూసుకున్నాడు. రెండోచోట కసురుకున్నారు. ఒక సందులో బోర్డు కూడా లేని గదిలో కనకయ్య అనే వ్యాపారి మాత్రం, “ఎక్కడ అమ్ముతవమ్మా? పొలం పనికి పొయ్యేటోళ్లా, ఇంట్ల ఉండేటోళ్లా?” అని అడిగాడు. చెప్పింది. వెడల్పాటి రకం తీసి ముందు పెట్టాడు. వాపసు మాట రాసిచ్చాడు. ధర మాత్రం నలభై ఏడు. కోరుట్ల కంటే రెండెక్కువ!

సత్యవ్వ ఇంద్రమ్మ వైపు చూసింది. “ముందుగాల వెడల్పు కొల్చుకో,” అంది ఆమె. సత్యవ్వ జానలతో వెడల్పు రెండుసార్లు కొలిచి, భయపడుతూనే డజను తీసుకుంది.

ఇంటికొచ్చి ఒకటి ఉతికి ఆరేసింది. రంగు పోలేదు, గుంజుకుపోలేదు. మిగిలిన పదకొండు యాభై ఐదు చొప్పున సద్దుల బతుకమ్మ లోపలే అమ్ముడుపోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

బస్సులు మళ్లీ నడిచాక నాలుగు డజన్ల కోసం పోతే కనకయ్య నలభై నాలుగే తీసుకున్నాడు. “గదే బట్ట గదా, మూడు రూపాలు ఎట్ల తగ్గింది?” అని అడిగింది. నాలుగు డజన్లయితే తనకు ఎట్లా గిట్టుబాటవుతుందో, నూలు ధర ఎట్లా దిగిందో ఆయన చాలాసేపు చెప్పాడు. ఆమె తలూపింది గానీ సగమే అర్థమైంది.

రాత్రి ప్రభుదాస్ అడిగాడు. “ఇప్పుడన్న తెలిసిందా, అసలు రేటేందో?”

“రేటు తెల్వలేదయ్యా,” అంది సత్యవ్వ లంగాలు మూట కడుతూ. “మనిషి తెలిసిండు.”