ఆయిలూ, ఆ విల్లూ

మామగారి నోట్లో బ్రష్షుంది, చెవి దగ్గర ఫోనుంది. ఆ నురగలో తడిసి బయటికొచ్చిన మాట, పెరటి కుళాయి దగ్గరున్న చిన్నల్లుడి చెవిలోకి చేరేసరికి వేషం మార్చేసుకుంది.

"ఆ విల్ మార్చెయ్యాలయ్యా. ఇంకెన్నాళ్లు లాగుతాం," అంటున్నాడు మామగారు. "పెద్దదాన్ని ఉండనీ, దాంతో ఇబ్బంది లేదు. చిన్నదాన్ని మాత్రం పీకి పారేయాలి. మడ్డంతా దాన్నే పట్టుకునుంది. చిన్నల్లుడికి నేనే చెబుతాలే."

చిన్నల్లుడు దోసిట్లో నీళ్లు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోయాయి. వాటితోపాటు పన్నెండేళ్ల చాకిరీ కూడా కారిపోయినట్టు అనిపించింది. మామగారు ఫోను పెట్టేసి గట్టిగా ఉమ్మాడు. ఆ ఉమ్మడి కుటుంబంలో ఉమ్మి ఒక్కటే తన వాటాకి వచ్చిందనుకున్నాడు చిన్నల్లుడు.

అతను అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ ఇంట్లో పెద్దదంటే పెద్దకూతురు. చిన్నదంటే చిన్నకూతురు, అంటే తన భార్య. చిన్నదాన్ని పట్టుకుని ఉన్న మడ్డి ఎవరో ఎవరినీ అడగక్కర్లేదు. ఇక విల్లంటారా, కిందటేడు మామగారు అందర్నీ కూర్చోబెట్టి తన విల్లు తానే చదివి వినిపించాడు. ఇల్లు పెద్దదానికి. వ్యానూ, వ్యాను పెట్టుకునే షెడ్డూ చిన్నదానికి. ఆరోజు చిన్నల్లుడు భార్యతో, వాళ్లకి ఉండటానికి ఇచ్చాడు, మనకి తిరగడానికి ఇచ్చాడు అని నవ్వాడు. నవ్వినా తృప్తిగానే నవ్వాడు. పన్నెండేళ్లుగా ఆ వ్యానులో పిండి మూటలేసుకుని ఊళ్లోని బేకరీలన్నిటికీ తిప్పుతున్నది తనే. బండి వయసు తన కాపురం వయసుకి రెట్టింపు. ఏ గేరు ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ తలుపుని ఎక్కడ తంతే మూతపడుతుందో తనకొక్కడికే తెలుసు. ఆ బండి పోతే తనకి మిగిలేది లైసెన్సు మీద ఉన్న ఫొటో ఒక్కటే.

మామగారు అతన్ని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో. పెట్టిన పేరు మాత్రం ఒకటుంది: స్టెప్నీ. వెనకాల వేలాడుతూ ఉంటాడు, ముందున్న నాలుగింట్లో ఒకదానికి గాలి పోతే తప్ప ఎవరికీ గుర్తుకి రాడు అని వచ్చినవాళ్లందరికీ వివరించి మరీ పిలిచేవాడు. మామగారి నాలుక రంపం లాంటిది. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి కోసేది.

చిన్నల్లుడు వంటింట్లోకి వెళ్లి భార్యతో, మీ నాన్న విల్లు మార్చేస్తున్నాడని గొణిగాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. మడత ఆపకుండానే, వెళ్లి ఆయన్నే అడగమంది. అదొక్కటే ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా అన్న తెలివైన మాట. కానీ అడగాలంటే నోరు కావాలి. పన్నెండేళ్లు మామగారి ఎదురుగా కూర్చుని తిన్న నోరు తినడానికి తప్ప తెరుచుకోవడం మానేసింది.

మధ్యాహ్నం మామగారే పిలిచాడు. వ్యానుకి ఆయిల్ మార్చే గడువు దాటిపోయిందనీ, మెకానిక్‌తో మాట్లాడాననీ, పాత ఇంజను కాబట్టి ఆయిలూ ఫిల్టరూ చూసి కొనమనీ, కొన్నాక తనే మార్చేయమనీ చెప్పాడు. ఆయిల్ మట్టం చూసే గేజి పుల్ల మీద గీత తన కళ్లకి ఈమధ్య కనపడటం లేదన్నాడు. ఆఖర్న ఇంకో మాట అన్నాడు.

"ఆదివారం మీ తోడల్లుడు వాళ్లూ వస్తున్నారు. ఆపాటికి బండి పెళ్లికూతుర్లా ఉండాలి."

వేరే ఎవరికైనా ఆ క్షణంలో బల్బు వెలిగేది. పొద్దున్న విన్న మాటా, ఇప్పుడు విన్న మాటా అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. కానీ చిన్నల్లుడి చెవిలో విల్లు అప్పటికే ఎక్కుపెట్టి ఉంది, ఆయిల్ ఎక్కడానికి చోటు లేదు. పైగా పెళ్లికూతురన్నాడు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసేది ఎవరికో అప్పగించడానికేగా. ఎవరికో కాదు, తోడల్లుడికే. ఆఫీసులో కూర్చుని కుర్చీ తిప్పడం తప్ప స్టీరింగ్ తిప్పడం తెలియని తోడల్లుడికి. బండిని తనచేతే కడిగించి, తనచేతే నూనె పట్టించి, తన కళ్లముందే వాడి చేతిలో పెడతారన్నమాట.

స్పేర్‌పార్ట్స్ కొట్టు నడిపే ఆవిణ్ణి అందరూ నట్లక్క అంటారు. నట్లక్కకి బండి చెబితే చాలు, దాని జాతకం చెబుతుంది. చిన్నల్లుడు వ్యాను పేరు చెప్పగానే ఇరవై-యాభై అని రాసున్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"నీ బండికి చిక్కటిదే పొయ్యాలి తమ్ముడూ. లోపల అరిగి అరిగి సందులు పెరిగిపోయుంటాయి. పల్చటిది పోస్తే ఆ సందుల్లోంచి జారిపోద్ది, ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. ఫిల్టర్ కూడా లోపల రబ్బరు మూత ఉన్నదే తీసుకో. బండి ఆపినప్పుడు ఆయిలంతా కిందికి దిగిపోకుండా అదే పట్టుకుంటది. అది లేకపోతే పొద్దున్నే ఎండు గొంతుతో లేపినట్టే."

చిన్నల్లుడు అంతా శ్రద్ధగా విన్నాడు. ఏది పోస్తే బండి బతుకుతుందో, ఏది పోస్తే చస్తుందో ఆవిడ అంత వివరంగా చెప్పాక ఇక సందేహం లేదు. వెనక అరలో సున్నా-ఇరవై అని రాసున్న డబ్బా చూపించాడు. అది ఈమధ్య వచ్చిన కొత్త కార్లకి, నీళ్లలా ఉంటుందంది నట్లక్క. అదే కావాలన్నాడు. తనకి సున్నా రాసిన మామగారికి సున్నా-ఇరవై కంటే తగినది ఏముంటుంది. ఫిల్టర్లలో కూడా మూత లేని, పేరు లేని, కాగితం అట్టలా తేలిగ్గా ఉన్నదాన్ని ఏరుకున్నాడు. నట్లక్క అతన్ని పైనుంచి కిందికి చూసింది. బండి ఎవరిది అనడిగింది.

"మా తోడల్లుడిది," అన్నాడు చిన్నల్లుడు.

షెడ్డులో బండి కిందికి దూరి పాత ఆయిల్ దింపాడు. తారులా నల్లగా, బరువుగా దిగింది. పాత ఫిల్టర్ విప్పితే నిండా మడ్డి. దాన్ని ఓ గుడ్డలో చుట్టి మూలన పడేసి, కొత్త డబ్బా వంచాడు. తేనె రంగులో, తేనెకుండే బుద్ధి ఒక్కటీ లేకుండా, గబగబా లోపలికి పారింది. ఆ క్షణంలో అతనికి కలిగినంత సుఖం పన్నెండేళ్లలో ఆ ఇంట్లో కలగలేదు. ఖాళీ డబ్బాని పిండి గోతాల వెనక దాచాడు.

మొదటిరోజు ఇంజను కొంచెం గలగలమంది. రెండోరోజు కటకటమంది. మూడోరోజు డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఎర్రగా కన్ను కొట్టింది. చిన్నల్లుడు కూడా తిరిగి కన్ను కొట్టాడు. మామగారు పక్కన కూర్చున్న ఒకేఒక్క ఉదయం, ఏవిటా చప్పుడు అనడిగాడు. ముసలిదైంది కదండీ, కీళ్ల నొప్పులు అన్నాడు చిన్నల్లుడు. మామగారు పకపకా నవ్వి, స్టెప్నీకి కూడా గాలి వచ్చిందే అన్నాడు.

ఆదివారం ఉదయం వంతెన ఎక్కుతున్నప్పుడు, నలభై మూటలు వెనకాలుండగా, ఇంజను ఒక్కసారి అరిచి ఆగిపోయింది. తాళం తిప్పితే టక్ మని ఒకే శబ్దం, అంతే. మెకానిక్ తన జీపుకి తాడు కట్టి వ్యానుని షెడ్డుకి లాక్కొచ్చాడు. అక్కడ మామగారూ, పెద్దకూతురూ, తోడల్లుడూ, చిన్నదీ వరసగా నిలబడి ఉన్నారు, బండికి స్వాగతం చెప్పడానికి వచ్చినట్టు.

మెకానిక్ బండి కిందికి దూరాడు. కాసేపటికి నల్లబడ్డ చెయ్యి బయటికొచ్చింది. వేళ్ల మధ్య నూనె రాసి చూపించాడు. ఇది ఈ బండిలో పోసే ఆయిలే కాదన్నాడు. ఫిల్టర్ విప్పి, ఇది దేనికీ వేసేది కాదన్నాడు. బేరింగులు కరిచేశాయి, క్రాంకు గీరుకుపోయింది, ఇక ఈ ఇంజన్ని తూకానికి ఇవ్వడమే అన్నాడు. తోడల్లుడు గోతాల వెనక ఉన్న డబ్బాని కాలితో ముందుకి దొర్లించాడు. అందరూ చిన్నల్లుడి వైపు తిరిగారు.

పన్నెండేళ్లుగా తెరుచుకోని నోరు అప్పుడు తెరుచుకుంది. అవును, నేనే పోశాను అన్నాడు. మీరు విల్లు మార్చేయలేదా, పెద్దదాన్ని ఉంచి చిన్నదాన్ని పీకి పారేయమనలేదా, నన్ను మడ్డి అనలేదా, నా చెవులారా విన్నాను అన్నాడు. బండి ఎవరికో ఇచ్చేటప్పుడు నేనెందుకు దానికి చిక్కటి ఆయిల్ పొయ్యాలి అన్నాడు.

అంతలో మెకానిక్ మెల్లగా, ఆ ఫోను నాతోనే కదండీ మాట్లాడారు అన్నాడు.

మామగారి మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత ఒక మూల నుంచి వెలుతురు పాకుతూ వచ్చింది. పండగ దొరికిన మొహం అది.

"ఆయిల్," అన్నాడు, ఒక్కో అక్షరం విడదీసి. "నోట్లో బ్రష్షుందయ్యా. ఆయిల్ మార్చాలన్నా. పెద్దదంటే గాలి ఫిల్టర్, పోయిన నెలే వేశాం. చిన్నదంటే ఆయిల్ ఫిల్టర్. మడ్డంటే ఇన్నాళ్లూ మడ్డే అనుకుంటున్నా. నువ్వేనని నువ్వు చెబితేనే తెలిసింది."

తోడల్లుడు నవ్వు ఆపుకోలేక గోతాల మీద కూర్చుండిపోయాడు. మామగారు చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. తను పోయేదాకా విల్లు కోసం ఎందుకు ఆగాలని, మొన్ననే బండిని చిన్నల్లుడి పేరుకి మార్పించాడట. అందరి ముందూ ఇద్దామని ఆదివారం రమ్మన్నాడట. తన దగ్గరుండే రెండో తాళంచెవి కాగితం మీద పెట్టి చిన్నల్లుడి చేతిలో ఉంచాడు.

"చదువుకో. నీ పేరే. కింద ఇంజను నంబరు కూడా ఉంది, పోయినోళ్ల ఫొటో లాగా దాచుకో."

చిన్నల్లుడు కాగితం చూశాడు. పన్నెండేళ్లలో మామగారు తన పేరు పలకలేదు గానీ, ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా రాయించాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వలేదు. అడగమన్నానా లేదా అని మాత్రం అంది, ఇంట్లోకి వెళ్లిపోయింది.

పెద్దకూతురు మొదట్నుంచీ ఫోనులో ఏదో చూసుకుంటోంది. అందరూ ఎందుకు నవ్వుతున్నారని తలెత్తి అడిగింది. వదినగారికి మళ్లీ చెప్పు అన్నాడు మామగారు, మొత్తం, మొదట్నుంచీ. చిన్నల్లుడు చెప్పాడు. తాళంచెవి పిడికిట్లో బిగించి, బ్రష్షు దగ్గర మొదలుపెట్టి చెప్పాడు. మడ్డి దగ్గర ఆగిపోతే, అదొదిలేశావేం అని మామగారు అందించాడు.

ఇంతలో బేకరీ నుంచి ఫోను. నలభై మూటలేవీ, పొయ్యిలు చల్లారిపోతున్నాయని అవతల ఆయన అరుస్తున్నాడు. మామగారు ఫోను తీసుకుని, బండి ఇప్పుడు నాది కాదండీ, కొత్త ఓనరు మాట్లాడతారు అని చిన్నల్లుడి చెవికి ఆనించాడు. అందరికీ వినపడాలని స్పీకరు కూడా నొక్కాడు.

చిన్నల్లుడి గొంతు ఎండిపోయింది, నట్లక్క చెప్పినట్టే. బండి పాడైందన్నాడు. ఎలా పాడైందని అవతల ఆయన అడిగాడు.

"ఆయిల్ వల్లండీ," అన్నాడు చిన్నల్లుడు, నీరసంగా.

"ఏ విల్లండీ?"

షెడ్డు దద్దరిల్లింది. చిన్నల్లుడు నోట్లో ఏమీ లేకపోయినా ఒకసారి ఉమ్మి, గొంతు సవరించుకున్నాడు.

"విల్లు కాదండీ, ఆయిల్," అన్నాడు. "మా మామగారి నోట్లో బ్రష్షుందండీ..."