మూడు వేళ్ల పొట్టి కుర్చీలు

కండక్టరు డ్యూటీ దిగి ఇంటికొస్తే, చెప్పులు విప్పడానికి ముందే గుమ్మంలోంచి ఓ ప్రశ్న వేసేవాడు.

"ఇవాళ మంచం ఎటుంది?"

అడక్కపోతే మోకాలి చిప్పకే నష్టం. నిన్న కిటికీ కింద ఉన్న మంచం ఇవాళ బీరువా పక్కకు చేరేది. బీరువా వంటగది గోడకు జరిగేది. సామాను పెట్టినచోట పెట్టినట్టుంటే అతని భార్యకు ఊపిరాడదు. వీధిలో అందరూ ఆమెను మార్పులక్క అనేవాళ్లు.

ఆమె పనీ అదే. తక్కువ ఖర్చులో గదుల రూపురేఖలు మార్చడం. మిగిలిపోయిన రంగు డబ్బాలు కలిపి ఒకే ఒక్క గోడకు వేసేది, ఆ గోడకు ఎదురుగా పాత అద్దం తగిలించేది, ఇరుకు గది కాస్తా పెద్దగా కనిపించేది. చిరుగులు పడ్డ దుప్పట్లు కిటికీ తెరలయ్యేవి. పళ్ల పెట్టెలు గోడకెక్కి పుస్తకాల అరలయ్యేవి. అయితే ఆమె చేయి అసలు తిరిగింది పాత సామాను బాగుచేయడంలో. గరుకు కాగితంతో పాత రంగు గీకి, పగుళ్లలో రంపపు పొట్టూ బంకా కలిపిన ముద్ద కూరి, ఆరాక పాలిష్ పట్టిస్తే, పారేద్దామనుకున్నవాళ్లే పక్కింటివాళ్లను పిలిచి చూపించుకునేవాళ్లు.

పాత చెక్క నడుస్తుందన్నది అందరికీ తెలిసిన సంగతే. అన్నీ నడవవు. ఒకే దుంగలోంచి కోసి సెట్టుగా చేసినవాటిని విడదీస్తే మాత్రం ఒకదానికోసం ఒకటి బయల్దేరతాయి. అందుకే ఏ ఇంటికి పనికెళ్లినా మార్పులక్క మొదట చెప్పే మాట ఒకటే. "రంగు మార్చండి, గుడ్డ మార్చండి, గదిలో తలకిందులుగా పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు. సెట్టు మాత్రం విడగొట్టకండి."

అంత తెలిసిన మనిషి, సొంత ఇంటి సెట్టు దగ్గరికొచ్చేసరికి ఆ మాట మర్చిపోయింది.

అమ్మ పోయాక పుట్టింట్లో సామాను పంచుకుంటున్నప్పుడు తమ్ముడికీ ఆమెకూ మాటా మాటా పెరిగింది. "అమ్మ మంచాన పడ్డప్పుడు ఊళ్లో గదులన్నీ సర్దావు, ఆ ఒక్క గదికి రావడానికే నీకు తీరిక లేకపోయింది" అన్నాడు తమ్ముడు. అందులో కొంత నిజముంది. అందుకే ఆమెకు అంత కోపమొచ్చింది. "భోజనాల బల్ల నువ్వు మోసుకుపో, కుర్చీలు నాకివ్వు. ఇక నీ గడప తొక్కితే ఒట్టు" అని నాలుగు కుర్చీలూ బండెక్కించుకుని వచ్చేసింది. ఆరోజు నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు, ఉన్నది ఒకే ఊళ్లో అయినా.

కుర్చీలకు మాత్రం ఒట్టేమీ లేదు. తెల్లారేసరికి నాలుగూ వరుసగా తలుపు దగ్గర నిలబడేవి, మొహాలన్నీ తమ్ముడింటి వైపే. ఆమె వెనక్కి లాక్కొచ్చేది. కాళ్లకు రబ్బరు తొడుగులు వేసింది, ఆగలేదు. నీలం రంగు వేసింది, అది నచ్చక గీకి పసుపు వేసింది. తాడుతో కిటికీ ఊచకు కట్టేసింది. కట్టేసినా గుంజుతూనే ఉండేవి. ఆ చప్పుడుకు ఆమెకు కాలు నిలిచేది కాదు. లేచి మంచం జరిపేది, మళ్లీ బీరువా జరిపేది. చివరికి ఒకరోజు పళ్లు కొరుక్కుంటూ రంపం తీసి, ఒక్కో కాలికీ మూడు వేళ్ల మందాన కోసిపారేసింది.

"పొట్టి కాళ్లతో ఎంత దూరం పోతాయో చూస్తాను" అంది.

కండక్టరు నేలమీద పడ్డ చెక్క ముక్కలు చూశాడు. "వాటి కాళ్లు కోస్తే నీ కాళ్లు కుదురుగా ఉంటాయా?" అన్నాడు. ఆమె వారంపాటు అతనితో సరిగా మాట్లాడలేదు.

ఇలా ఉండగా నర్సమ్మ ఒకావిడ తన అద్దె గది సర్దిపెట్టమని వచ్చింది. మంచమూ బట్టల బీరువా జత, మంచం తీసేద్దామనుకుంటున్నానంది. మార్పులక్క యథాప్రకారం, "సెట్టు విడగొట్టకండి" అంది.

"మరి మీ కుర్చీల సంగతో?" అంది నర్సమ్మ. ఆ గది సరిగ్గా తమ్ముడింటికి ఎదురుగానే ఉంది. "మీ తమ్ముడు ఊరు వదిలిపోతున్నాడు, తెలుసా? వాళ్లావిడ పుట్టింటివాళ్లు వాళ్ల ఊళ్లో వాచీల కొట్టు చూసిపెట్టారట. ఇక్కడ నాకెవరున్నారని ఆగాలి అన్నాడు నాతో."

మార్పులక్క రంగు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. పైకి మాత్రం, "పోనీండి, ఎవరి బతుకు వాళ్లది. గోడకు లేత ఆకుపచ్చ వేద్దామా?" అంది.

రంగు వేసే రోజు పొద్దున్నే ఎదురింటి ముందు లారీ ఆగింది. ఆమె కిటికీ చట్రానికి కుంచె పెట్టింది కానీ చూపంతా వీధిలోనే. మంచాలెక్కాయి, మూటలెక్కాయి. వేసిన చోటే మళ్లీ వేస్తోందని నర్సమ్మ చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. వెళ్లి ఒక్క మాట అడగొచ్చు. ఏమని అడగాలి? వేసుకున్న ఒట్టు సంగతేంటి? లారీ కదిలితే ఇక అడగడానికి మనిషే ఉండడు.

బల్ల వంతు వచ్చింది. వీధి అరుగు దాకా తెచ్చారు. అక్కణ్నుంచి అది కదల్లేదు. నలుగురు పట్టినా లేవలేదు.

"ఇది సెట్టులోదా?" అన్నాడు డ్రైవరు చెమట తుడుచుకుంటూ. "కుర్చీలేవి?"

తమ్ముడు చెప్పేలోపే వీధి చివర్నుంచి టకటకమని చప్పుడు వినబడింది. నాలుగు పసుపు కుర్చీలు పొట్టి కాళ్లతో అటూ ఇటూ ఊగుతూ, రొప్పుతున్నట్టు తొందరగా వస్తున్నాయి. దారిలో సైకిలువాడు దిగి పక్కకు తప్పుకున్నాడు. వెనకే కండక్టరు, చేతిలో విప్పిన తాడు.

ఆమె కుంచె పడేసి మెట్లు దిగి పరుగెత్తింది.

"ఏమండీ! ఎవరు విప్పమన్నారు మిమ్మల్ని?"

"నేను తలుపు తీశానంతే. దారి వాటికే తెలుసు" అన్నాడు కండక్టరు.

"నా కుర్చీల కోసం వచ్చాను, ఇంకెవరికోసమూ కాదు" అంది ఆమె, ఎవరూ అడక్కపోయినా. అప్పటికే కుర్చీలు బల్ల చుట్టూ చేరిపోయాయి, దేని చోట్లో అది. గోడవైపుది అమ్మది, దానికెదురుగా నాన్నది, మిగతా రెండూ పక్కపక్కనే.

తమ్ముడు వంగి ఒక కుర్చీ కాలు తడిమాడు. కోసిన అంచు ఇంకా గరుగ్గానే ఉంది. ప్రతి చెక్కనూ అద్దంలా నున్నగా తీసే అక్క, ఇక్కడ గరుకు కాగితం కూడా పట్టించలేదు.

"కోసేశావా?"

"ఆగుతాయనుకున్నాన్రా" అంది ఆమె. "అమ్మ గదికి రాలేకపోయాను. వస్తే ఏం చూడాల్సొస్తుందోనని భయం. నువ్వన్నది నిజమే."

తమ్ముడు తన కుర్చీలో కూర్చున్నాడు. ఎత్తు చాలక బల్ల అంచు అతని ఛాతీ దాకా వచ్చింది. నెరిసిన మీసంతో, వంగి బల్ల మీద గడ్డం ఆనించుకుని, ఐదేళ్లప్పుడు కూర్చున్నట్టే కూర్చున్నాడు. అప్పట్లో కంచం అందక రోజూ ఒకటే గోల పెట్టేవాడు, ఆమె ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించేది.

"అందట్లేదక్కా" అన్నాడు.

ఆమె పక్క కుర్చీలో కూలబడి, పచ్చరంగు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చేసింది. మరదలు లోపల్నుంచి వచ్చి, "వదినా, మంచినీళ్లు" అంటూ గ్లాసు బల్లమీద పెట్టింది. ఆ కుర్చీకి అదీ ఎత్తే అయింది.

డ్రైవరు బల్ల మూల పట్టి కాస్త కదిపి చూశాడు. "సార్, ఇప్పుడు లేస్తుంది బల్ల. కుర్చీలతో కలిపి ఎక్కించేయమంటారా?"

తమ్ముడు బల్ల కాళ్ల వైపు చూశాడు, కుర్చీల కాళ్ల వైపు చూశాడు. మూడు వేళ్లు పెట్టి కొలుచుకున్నాడు.

"అక్కా, రంపం ఇంట్లో ఉందా, తెచ్చావా?"

"నర్సమ్మ గదిలో, నా సంచిలో ఉంది."

"తీసుకురా. బల్ల కాళ్లు కోద్దాం. గరుకు కాగితం కూడా తే."

ఆమె లేచింది. డ్రైవరు ఎవరూ చెప్పకుండానే లారీ ఎక్కి, మూటలు ఒక్కొక్కటే కిందికి అందివ్వడం మొదలుపెట్టాడు.